తెల్ల కవర్లు

పేపర్లో ఫొటో చూసినప్పుడు ఏసుకుమార్‌కి ముందుగా కనిపించింది తన చేతిరాత. పోలీసుల మొహాలు ఆ తర్వాత. సుంకప్ప మొహం అన్నిటికన్నా చివర.

స్టేషన్ ముందర రెండు బల్లలు కలిపి వేసి, వాటి మీద సీడీలు పరిచారు. కుప్పగా కాదు, పెళ్ళిలో విస్తళ్ళు వేసినట్టు వరసగా పరిచారు. వెనక ఎస్సై, ఆయన పక్కన హీరో అభిమాన సంఘం అధ్యక్షుడు ప్రదీప్‌కుమార్, అటూ ఇటూ కానిస్టేబుళ్ళు. ముందర నేల మీద చొక్కా లేకుండా గొంతుక్కూర్చున్నది సీడీల అంగడి సుంకప్ప. మొదటి వరసలో ఉన్నవన్నీ తెల్ల కాగితం కవర్లు. వాటి మీద నల్ల ఇంకుతో గుండ్రంగా, పొందిగ్గా రాసిన అక్షరాలు. ఆ అక్షరాలు బళ్ళో ప్రతి పిల్లకాయకీ తెలుసు. కల్లూరు చర్చి గోడ మీది నల్లబోర్డులో వారం వారం వాక్యం చదివే ప్రతి ఒక్కరికీ తెలుసు.

ఫొటో పైన 'నీలిచిత్రాల నిలయంపై దాడి' అని ఉంది. కొత్త సినిమాల దొంగ కాపీలతో పాటు, తెల్ల కవర్లలో గుట్టుగా అద్దెకిస్తున్న అశ్లీల విదేశీ చిత్రాలు పెద్ద ఎత్తున దొరికాయని, శనివారం వాటన్నిటినీ రోడ్డు రోలరుతో తొక్కిస్తారని కింద రాశారు.

స్టాఫ్‌రూములో తెలుగు పండితుడు కేశవయ్య పేపరును మడిచి, ఫొటో పైకి వచ్చేటట్టు బల్ల మీద పెట్టాడు.

"ఏమప్పా ఏసూ, ఈ దస్తూరి యాడనో చూసినట్టుండాదే," అన్నాడు.

ఎవరో నవ్వారు. లెక్కల టీచరు పద్మప్రియ తలెత్తకుండా పరీక్ష పేపర్లు దిద్దుకుంటోంది గానీ, ఎర్ర పెన్ను కదలడం లేదు. కడప నుంచి వచ్చే చిన్న మాసపత్రికలో విదేశీ సినిమాల మీద నెలనెలా రాసేది ఏసుకుమారేనని వాళ్ళందరికీ తెలుసు. చదివినవాళ్ళు లేరు గానీ తెలుసు. అవి నా సినిమాలే, అట్లాంటివి కావు అని చెప్పబోయాడు. ఆ మాట ఎట్ల చెప్పినా ఇంకో నవ్వు పుడుతుందని అర్థమై నోరు మూసుకున్నాడు. గంట కొట్టారు.

పదో తరగతిలో బోర్డు మీద పాఠం పేరు రాయబోయాడు. మొదటి మాట సగంలో ఉండగా వెనక బెంచీల్లో గుసగుస మొదలైంది. వెనక్కి తిరిగితే అందరూ తన మొహం వైపు కాదు, బోర్డు మీది అక్షరాల వైపు చూస్తున్నారు. సుద్దముక్క క్లాసు లీడరు హరిత చేతికిచ్చి, నువ్వు రాయమ్మా, నేను చెబుతానన్నాడు. ఆమె రాస్తుంటే కిటికీ దగ్గర నిలబడి ఆకుల్లో పత్రహరితం ఏం చేస్తుందో చెప్పాడు. గొంతు మామూలుగానే వచ్చింది. చేతులు మాత్రం వెనక కట్టుకున్నాడు.

మధ్యాహ్నం షేర్ ఆటో ఎక్కి సుంకప్ప అంగడి ఉన్న కల్లూరు ఎస్టేటుకి పోయాడు. డ్రైవరు పక్కన ఒక తొడ మీద కూర్చుని పోతుంటే, వెనక సీట్లో ఇద్దరు ఆ వార్త గురించే మాట్లాడుకుంటున్నారు. తెల్ల కవరంటే ఏమని తెలీదా ఏంది, ఊరంతా తెలిసిందే గదా అంటున్నాడు ఒకడు. ఊరంతా తెలిసింది తనకే తెలియలేదు. తెలియలేదనేది కూడా అబద్ధం. మొదట్లోనే సుంకప్ప చెప్పాడు. సార్, బొమ్మ లేని కవరు చూస్తే జనం వేరేగా అనుకుంటారు అన్నాడు. రాసింది చదివేవాళ్ళు చదువుతారులే అని తనే కొట్టిపారేశాడు.

అంగడి షట్టరు ఒక పక్కకి వంగిపోయి సగంలో ఆగింది. లోపల సుంకప్ప భార్య భీమక్క చీపురు పట్టుకుని ఉంది. టీవీలు బాగుచేసే మేజా బోర్లా పడింది. సోల్డరింగ్ కడ్డీ, చిన్న చిన్న స్క్రూలు, తీగముక్కలు నేలంతా చెల్లాచెదరుగా ఉన్నాయి. ఆమె చీపురుతో ఊడ్చకుండా, ఒంగి ఒక్కొక్క స్క్రూ ఏరి డబ్బాలో వేస్తోంది. ఏసుకుమార్ చెప్పులు బయట విడిచి, తనూ కూర్చుని ఏరడం మొదలుపెట్టాడు. 

తర్వాత ఆమే చెప్పింది. దీపాలు పెట్టే వేళకు జీపు వచ్చింది. ముందు దిగింది ప్రదీప్‌కుమార్. ఇదే, ఈడనే అని వేలు పెట్టి చూపించాడు. వాళ్ళ హీరో కొత్త సినిమా కాపీలు దొరికినాయి. దొరకవా మరి, ఏ అంగట్లో లేవవి? అన్నీ గోనెసంచుల్లో నింపినారు. తెల్ల కవర్లు ఎవరివని అడిగితే సారువి అని చెప్పినాడు ఈయన. ఏ సారు అని చెంప మీద కొట్టినారు. ఆ తర్వాత పేరు చెప్పలేదు. ఎన్నిసార్లడిగినా నావే అన్నాడు.

ఏసుకుమార్ చేతిలోని స్క్రూలు డబ్బాలో వేశాడు. అవి పడిన చప్పుడు మరీ పెద్దగా వినిపించింది.

"ఒక మాట అడుగుతా సారూ," అంది భీమక్క. "ఆ సినిమాలు మంచివే గదా?"

"మంచివే అక్కా. చెత్తవి కావు."

"మంచివైతే మీ ఇంట్లో ఏంటికి పెట్టుకోలేదు?"

అతను తల వంచుకుని ఇంకో స్క్రూ కోసం నేల తడిమాడు.

"మీ ఇంట్లో పెట్టుకోలేనివి తెచ్చి మా అంగట్లో పెట్టినారు. మీ అమ్మ చూస్తే మీకు సిగ్గు. పోలీసోడు చూస్తే మాకు దెబ్బలు." ఆమె అరవలేదు. స్క్రూలు ఏరుతూనే అంది.

కోపం వచ్చింది. ఆమె మీద కాదు. ఎవరి మీదనో తేల్చుకోలేక, వంగిన షట్టరును రెండు చేతులా పట్టుకుని పైకి లాగాడు. అది కదల్లేదు. అరచెయ్యి చీరుకుపోయింది.

ఇంట్లో తల్లి వరమ్మ పేపరు చూసేసింది. చర్చి రాత్రిబడిలో చదువు నేర్చుకున్న మనిషి, వేలు పెట్టి ఒక్కొక్క మాటే చదువుతుంది. పేపరు మడిచి, మడత మీద మడత వేసి చిన్నది చేసి, కిటికీ ఊచల మధ్య దోపింది. కొడుక్కి కంచంలో సంగటి పెట్టి, పప్పు పోసి, ఎప్పట్లాగా ఎదురుగా కూర్చోకుండా వంటింటి గడప దగ్గరే నిలబడింది.

"ఈ ఆదివారం బోర్డు వేరేవాళ్ళు రాస్తారంట," అంది. "పాస్టరయ్య చెప్పి పంపినాడు."

అతను ముద్ద చేసి చేతిలోనే పెట్టుకున్నాడు. తండ్రి లేవి చర్చి పెద్దగా ఉన్న రోజుల్నుంచి ఆ బోర్డు వీళ్ళ ఇంటిదే. తను పరీక్షలున్నా, జ్వరమున్నా శనివారం సాయంత్రం పోయి తడిగుడ్డతో తుడిచి రాసేవాడు.

తిన్నాక స్టూలు వేసుకుని అటక మీది సూట్‌కేసు దించాడు. దాని నిండా సినిమా సీడీల అసలు అట్టలు, బొమ్మలున్న ప్లాస్టిక్ డబ్బీలు, ఉన్నాయి. బెంగళూరు బస్సెక్కి పోయి ఒకటి, హైదరాబాదులో శిక్షణ తరగతులకు పోయినప్పుడు ఒకటి, పోస్టులో ఒకటి, అట్ల చేర్చినవి. హంగేరీ, జపాను, ఇరాను, బ్రెజిలు. ఆ దేశాలు ఎట్లుంటాయో అతను చూసింది వాటిలోనే. చాలా ఏళ్ళ కిందట ఒక అట్ట మీద భుజాలు కనిపిస్తున్న ఆడమనిషి బొమ్మ చూసి తల్లి రెండు రోజులు మాట్లాడలేదు. అప్పుడే అట్టలన్నీ తీసి అటకెక్కించాడు. సీడీలకు తెల్ల కవర్లు చేసి, ఒక్కొక్క దాని మీద కథ ఏమిటో, ఎందుకు చూడాలో తెలుగులో రాసి, సుంకప్ప అంగట్లో ఒక అరలో పెట్టించాడు. మంచి పని చేస్తున్నాననే అనుకున్నాడు. నలుగురూ చూస్తారు, ఇంట్లో మాట రాదు.

సూట్‌కేసు తెరిచి, పైనున్న అట్ట తల్లి చూసేటట్టు ఎత్తి పట్టుకున్నాడు.

"మూసెయ్," అంది వరమ్మ.

మరుసటి రోజు సెలవు పెట్టి సూట్‌కేసుతో స్టేషన్‌కి పోయాడు. కాంపౌండులో పట్టుబడిన మోటారు సైకిళ్ళు తుప్పుపట్టి ఒకదాని మీద ఒకటి వాలి ఉన్నాయి. వాటి మధ్య నీడ చూసుకుని భీమక్క కూర్చుంది, ఒళ్ళో టిఫిన్ క్యారియరుతో. లోపల మూలన గోనెసంచులు, వాటి పక్కన గోడకు ఆనుకుని సుంకప్ప. చెంప వాచింది. ఏసుకుమార్‌ని చూసి లేవబోయి, సెంట్రీ చూస్తున్నాడని మళ్ళీ కూర్చున్నాడు.

"బాగుండారా సార్," అని అడిగాడు.

ఆ పలకరింపు అతనికి దెబ్బలా తగిలింది. ఎస్సై దగ్గర ఎంత నెమ్మదిగా మాట్లాడాలని ఆటోలో అనుకున్నాడో అదంతా అక్కడే పోయింది.

ఎస్సైది దాదాపు తన వయసే. కుర్చీ చూపించాడు, టీ తెప్పించాడు. కేసు కాగితాలు రాసే స్టేషన్ రైటరు తిమ్మయ్య సూట్‌కేసులోని అట్టలు ఒక్కొక్కటే తీసి, సంచిలోని సీడీలతో సరిచూశాడు. సీడీ లోపలి అంచున ఉన్న అంకె, అట్ట వెనకున్న అంకె, అసలు సరుకని తెలిపే మెరిసే బిళ్ళ. ఓపికగల మనిషి, చూపుడువేలుతో అంకెలు తాకుతూ పోయాడు. అన్నీ కలిశాయి. ఈలోపు కానిస్టేబుళ్ళు చుట్టూ మూగారు. భుజాల బొమ్మ ఉన్న అట్టను ఒకడు తీసుకుని మరొకడికిచ్చాడు. అది మళ్ళీ బల్ల మీదికి రాలేదు.

పొట్టిగా ఉన్న కానిస్టేబులు ఒక తెల్ల కవరు తీసి గట్టిగా చదివాడు. "ఆమె క్వారీ నుంచి వచ్చి నూతి దగ్గర స్నానం చేసే దృశ్యం శానాసేపు ఉంటుంది. కెమెరా కదలదు." గది గదంతా నవ్వింది. ఎస్సై కూడా మీసాల్లో నవ్వాడు.

"తర్వాత వాక్యం చదవండి," అన్నాడు ఏసుకుమార్.

"చాల్లే సార్, అర్థమైంది," అన్నాడు వాడు.

ఆ తర్వాత వాక్యం అతనికి కంఠతా వచ్చు. ఒంటి మీది రాతిదుమ్మంతా కొట్టుకుపోతుంది, మొగుడి మీది కోపం మాత్రం పోదు, చూడవలసింది అది అని రాశాడు. యుద్ధంలో చచ్చిపోయాడనుకున్న మొగుడు తిరిగొస్తే అన్నం పెట్టి, చేతికి నీళ్ళు పోసి, ఇంట్లోకి మాత్రం రానియ్యని ఆడమనిషి కథ అది. ఆ కవరు కోసం అతను మూడుసార్లు తిరగరాశాడు. ఇప్పుడు దాన్ని పట్టుకున్న వేలి మీద వక్కపొడి రంగు ఉంది.

ప్రదీప్‌కుమార్ లోపలికి వచ్చాడు. ఒకప్పుడు అతని క్లాసులో మూడో బెంచీ. వంగి కాళ్ళకు దండం పెట్టాడు. మీవని తెలియదు సార్, తెలిసుంటే ఆ అర ముట్టుకోనిచ్చేవాణ్ణి కాదు అన్నాడు. హీరో సినిమా విడుదలై వారం తిరక్కుండా థియేటరు ఖాళీ అయిందని, పైనుంచి ఫోన్లు వస్తున్నాయని చెప్పాడు. ఏసుకుమార్ అతన్ని ఒకటే అడిగాడు. ఈ కాపీలన్నీ కర్నూలు బస్టాండు వెనక గోడౌనులో తయారవుతాయని ఆటోవాళ్ళకు కూడా తెలుసు, అక్కడికి జీపు ఎందుకు పోలేదు?

ప్రదీప్‌కుమార్ ఎస్సై వైపు ఒకసారి చూసి, "ఆ గోడౌనాయన మా సంఘానికి గౌరవాధ్యక్షుడు సార్," అన్నాడు. సిగ్గుపడకుండా, ఉన్నమాట చెప్పినట్టే అన్నాడు.

ఎస్సై ఒక అట్ట తిరగేసి కింద చిన్న అక్షరాల మీద గోరు పెట్టాడు. "ఫర్ హోం వ్యూయింగ్ ఓన్లీ. అంటే ఏంది పంతులుగారూ?"

"ఇంట్లో చూసేదానికి మాత్రమే."

"మరి మీరు అంగట్లో పెట్టినారు."

 భీమక్క అడిగిందీ అదే. ఆమె అడిగినప్పుడు తల వంచుకున్నాడు. వీడు అడిగితే ఒళ్ళు మండింది.

ఎస్సై అట్ట పక్కన పెట్టి, అదంతా పోనీ అన్నట్టు చెయ్యి ఊపాడు. మీరు గవర్నమెంటు టీచరు, మిమ్మల్ని ఇబ్బంది పెట్టే ఉద్దేశం మాకు లేదు, మీ సీడీలు అట్టల్లో పెట్టుకుని దర్జాగా ఇంటికి తీసుకుపోండి అన్నాడు. ఒకటే పని, పంచనామాకు సాక్షిగా సంతకం పెట్టాలి. సోదా జరిగినప్పుడు మీరు అక్కడే ఉన్నట్టు రాసుకుంటాం. ప్రభుత్వ ఉద్యోగి సంతకముంటే కేసు నిలబడుతుంది. నేను అక్కడ లేను కదా అంటే, పంచనామాకు సంతకం పెట్టేవాళ్ళెవరూ అక్కడ ఉండరు సార్ అని తిమ్మయ్య కొత్త మాస్టరుకు పాఠం చెప్పినట్టు చెప్పాడు. రేపు బడి విడిచినాక రండి అన్నారు.

ఆ సాయంత్రమంతా సంతకం పెట్టవచ్చనేదానికి కారణాలు వెతుక్కున్నాడు. కొత్త సినిమాల కాపీలు సుంకప్ప దగ్గర ఉన్న మాట నిజం. తను పెట్టకపోతే ఇంకొకరు పెడతారు. బయట ఉంటే ఏదో ఒక సాయం చెయ్యొచ్చు, లాయరును మాట్లాడొచ్చు. అన్నిటి వెనకా ఒకటే ఉంది. శనివారం రోలరు. సగం జీతాలు పోసి, బస్సుల్లో నిలబడి పోయి తెచ్చినవి, ఈ జిల్లాలో ఇంకెవరి దగ్గరా లేనివి, దుమ్ములో పరిచి తొక్కిస్తారు. పడుకుని కళ్ళు మూసుకుంటే సుంకప్ప చెంప కనపడాల్సింది పోయి సీడీలే కనపడ్డాయి. దానికీ తన మీద తనకే కోపం వచ్చింది.

శుక్రవారం సాయంత్రం పోయేసరికి తిమ్మయ్య అంతా సిద్ధం చేసి పెట్టాడు. అట్టల్లో సర్దిన సినిమాలు సూట్‌కేసులో ఉన్నాయి, మూత తెరిచే ఉంది. పంచనామా కాగితం ముందుకు జరిపి, పెన్ను చేతికిచ్చి, చదువుకోమన్నాడు. ఏసుకుమార్ చదివాడు. ముద్దాయి సుంకప్ప అంగట్లో ఫలానా ఫలానా కాపీలు. తర్వాత, ముద్దాయి తన స్వహస్తాలతో వర్ణనలు రాసి తెల్ల కవర్లలో దాచిన అశ్లీల చిత్రాలు.

తలెత్తాడు. సినిమాలు సూట్‌కేసులో ఉంటే కవర్లలో ఏముంటుందని అడగబోయాడు. అడగక్కర్లేకపోయింది. తిమ్మయ్య పక్కన ఇంకో సంచి ఉంది. అందులోంచి పేరూ బొమ్మా లేని వెండిరంగు సీడీలు తీస్తున్నాడు. వేలు తడి చేసుకుని కవరు మూతి విడదీసి, సీడీ లోపలికి జార్చి, అంచు బల్ల మీద ఒకసారి తట్టి, పక్కన పేరుస్తున్నాడు. తడి వేలు ఆనిన చోటల్లా నల్ల ఇంకు అలుక్కుపోతోంది.

"అవేంటివి?"

"పోయిన నెల లాడ్జిలో పట్టినవి సార్. సైజు ఒకటే గదా." ఆ గొంతులో ద్వేషం లేదు, దాపరికం లేదు. బస్తాలు కుట్టేవాడు బస్తాలు కుట్టినట్టు చేస్తున్నాడు.

 కరెంటు స్తంభాలు మోసుకుంటూ కొండెక్కే ఇరాను తండ్రీకొడుకుల గురించి రాసిన కవరు. చెవిటి భార్యకు రోజూ చేతులతో వార్తలు చెప్పే జపాను పడవవాడి కవరు. ఒక్కొక్కదాని కడుపులోకి ఆ సీడీ జారిపోతోంది. రోలరు కిందికి కాకుండా కోర్టుకు పోయేవి ఇవే, అక్కడ వేసి చూస్తారు. పైన తన రాత ఉంటుంది, కింద సుంకప్ప పేరు ఉంటుంది. సాక్షిగా తన సంతకం ఉంటుంది.

గోడ దగ్గర్నుంచి సుంకప్ప అన్నాడు, "పెట్టండి సార్. మీ సినిమాలన్నా మిగుల్తాయి. నాది ఎట్లాగూ పోయిందే."

"నువ్వు ఊరుకో సుంకప్పా," అన్నాడు. అంత గట్టిగా తను ఎప్పుడూ మాట్లాడలేదు. సెంట్రీ తల లోపలికి పెట్టి చూశాడు.

తిమ్మయ్యను ఒక తెల్ల కాగితం అడిగాడు. ఆయన అనుమానపడకుండా ఇచ్చాడు. ఏసుకుమార్ పంచనామాను పక్కకు జరిపి రాయడం మొదలుపెట్టాడు. అక్షరాలు ఎప్పటిలాగే గుండ్రంగా వచ్చాయి.

ఈ తెల్ల కవర్లు, వాటి మీది రాత, వాటిలో ఉండిన సినిమాలు నావి. మా ఇంట్లో పెట్టుకునేదానికి భయపడి సుంకప్ప అంగట్లో పెట్టినాను. అవి ఏమిటో ఆయన పూచీ కాదు. వాటిలో బూతు ఉందంటే కేసు నా మీద పెట్టండి. కోర్టులో ఒక్కొక్క సినిమా వేసి చూడండి. నేను పక్కన నిలబడి చెబుతాను. ఈ రోజు సాయంత్రం ఈ కవర్లలో వేరే సీడీలు పెట్టడం కళ్ళారా చూశాను.

కింద పేరు రాశాడు. ఉద్యోగం రాశాడు. బడి పేరు రాశాడు. ఇంటి నంబరు రాసి, చర్చి వెనక వీధి, కల్లూరు అని రాశాడు. సంతకం పెట్టాడు.

ఎస్సై దాన్ని నిలబడే చదివాడు. రెండోసారి చదివేటప్పుడు కూర్చున్నాడు.

"ఉద్యోగం పోతుంది, తెలుసా?"

"తెలుసు."

"నీలిసినిమాల టీచరని రాస్తారు. మీ అమ్మ బయట తిరగలేదు."

"రాయమనండి. రాత ఎవరిదో ఇప్పటికే ఊరంతా చూసింది. పేరు కూడా వేయమనండి."

ఎస్సై మొహం ఎర్రబడింది. కుర్చీ వెనక్కి తన్ని లేచాడు. ఏసుకుమార్ కూడా లేచాడు, తను లేచాడని తర్వాత గానీ తెలియలేదు. అప్పుడు తిమ్మయ్య నోరు విప్పాడు. ఇద్దరి వైపూ చూడకుండా, బల్లతో మాట్లాడినట్టు చెప్పాడు. ఈ కాగితం, ఆ కవర్లు పక్కపక్కన పెడితే దస్తూరి ఒకటేనని చదువు రానివాడు కూడా చెబుతాడు సార్. ముద్దాయి రాసినాడనేది నిలబడదు. మేజిస్ట్రేటు సీడీలు వేసి చూపించమంటాడు, ఈయన ప్రతిదానికీ లేచి నిలబడతాడు, టీచర్ల యూనియను వస్తుంది. కాపీల కేసు చాలు సార్ మనకు.

 ఎస్సై పంచనామా కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి తిమ్మయ్య ముందర వేశాడు. కాపీలు మాత్రం పెట్టి మళ్ళీ రాయమన్నాడు. సుంకప్పను జామీను మీద పంపమన్నాడు. కవర్లు ఖాళీ చేసి ఆ చెత్త ఈయన మొహాన కొట్టమన్నాడు. ఆ తర్వాత సూట్‌కేసు దగ్గరికి పోయి, పైనున్న అట్ట తెరిచి, సీడీ ఊడబెరికి, మూలనున్న గోనెసంచిలోకి విసిరాడు.

"ఇంట్లో చూసేదానికి మాత్రమే అన్నావు గదా. అద్దెకిచ్చినావు. ఇవన్నీ రేపు రోలరు కిందికే." ఏసుకుమార్ రాసిన కాగితాన్ని మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. "దీని సంగతి తర్వాత చూద్దాం."

ఒక్కొక్క సీడీ ఊడొచ్చేటప్పుడు టిక్కుమని చప్పుడైంది. ఏసుకుమార్ అన్నీ అయ్యేదాకా నిలబడ్డాడు. రసీదు అడగాలని తోచింది, అడిగాడు. ఎవరూ పలకలేదు. తిమ్మయ్య తెల్ల కవర్లను పురికొసతో కట్టి, కట్ట అతని చేతిలో పెట్టాడు. బరువే లేదు.

ఇంటికి పోయి ఆ కట్టను వరండా గదిలో, వచ్చేపోయేవాళ్ళు కూర్చునే చోట, బల్ల మీద పెట్టాడు. స్టేషన్లో ఏం జరిగిందో, ఏం రాసిచ్చాడో, ఇంటి నంబరు కూడా రాశానని తల్లికి చెప్పాడు. వరమ్మ అంతా విన్నది. పాస్టరయ్య వస్తే ఏం చెప్పాల అని మాత్రం అడిగింది. ఉన్నది చెప్పమన్నాడు. ఆమె చాలాసేపు ఆ కట్ట వైపు చూసింది. కట్ట బల్ల అంచున పడేటట్టు ఉంది. బల్ల మీది బైబిలును కొంచెం పక్కకు జరిపి, కట్టను లోపలికి తోసి, లైటు వేసేదానికి పోయింది.

శనివారం పొద్దున పోలీసు మైదానంలో షామియానా వేశారు. సీడీలు టార్పాలిను మీద పోసి, పారతో చదును చేశారు. ఫొటోగ్రాఫర్లు ముందు, అభిమాన సంఘంవాళ్ళు వాళ్ళ వెనక, దూరంగా తాడు కట్టిన చోట జనం. ఆ జనంలో సుంకప్ప, భీమక్క ఉన్నారు. ఏసుకుమార్ పోయి వాళ్ళ పక్కన నిలబడ్డాడు. రావద్దనుకున్నాడు గానీ, చూడకుండా ఉంటే పోలీసుల మర్యాద కాపాడినట్టవుతుందనిపించి వచ్చాడు. కేశవయ్య కూడా కొంచెం అవతల నిలబడి ఉన్నాడు. అతన్ని చూసి ఏదో అనబోయి, కండువా సర్దుకున్నాడు.

రోలరు కదిలింది. ఎక్కి, అవతలికి దిగింది. సీడీలు విరగలేదు. చక్రం కింద వంగి, ఒకదాని మీద ఒకటి జారి, వలలోంచి చేపలు దూకినట్టు పక్కల నుంచి ఎగిరి పడ్డాయి. ప్రదీప్‌కుమార్ మనుషులు వాటిని ఏరి మళ్ళీ లోపలికి వేశారు. రోలరు వెనక్కి వచ్చింది. మళ్ళీ అంతే. ఫొటోగ్రాఫర్లు విసుక్కున్నారు. ముక్కలు కనపడాలి సార్ అన్నాడొకడు. కానిస్టేబుళ్ళు చేతులతో విరవబోతే, పొట్టివాడికి బొటనవేలు తెగింది. ఎండ ఎక్కింది. ఎస్సై టోపీ తీసి మొహం తుడుచుకున్నాడు.

"అట్ల ఇరగవు అవి," అన్నాడు సుంకప్ప మెల్లగా.

తిమ్మయ్య తాడు దగ్గరికి వచ్చి, నిన్న ఏమీ జరగనట్టే అడిగాడు. "సార్, మీకు ఈ సీడీల సంగతి తెలుసు గదా. ఎట్ల ఇరగ్గొట్టాల?"

ఏసుకుమార్‌కి తెలుసు. సుంకప్పకి కూడా తెలుసు.

"తెలీదు," అన్నాడు ఏసుకుమార్.

తిమ్మయ్య సుంకప్ప వైపు చూశాడు. సుంకప్ప రోలరు వైపు చూస్తూ ఉండిపోయాడు.

ఒక సీడీ దొర్లుకుంటూ వచ్చి తాడు కింద పడింది. భీమక్క దాన్ని తీసి కొంగుతో దుమ్ము తుడిచి, మీదేనా సారూ అని అడిగింది. అతను చూశాడు. కొత్త సినిమా కాపీ, హీరో మొహం మీద గీతలు పడ్డాయి. కాదక్కా, వాళ్ళదే అన్నాడు. ఆమె దాన్ని ప్రదీప్‌కుమార్ కాళ్ళ దగ్గరికి విసిరేసింది. చుట్టూ ఉన్నవాళ్ళలో ఇద్దరు ముగ్గురు నవ్వారు.

రోలరు ఆగింది. డ్రైవరు దిగి బీడీ ముట్టించుకున్నాడు. టార్పాలిను మీద అక్కడక్కడా తన సీడీలు మెరుస్తున్నాయి. ఏది ఏదో ఈ దూరం నుంచి గుర్తుపట్టడం కష్టం. అయినా వెతుక్కుంటూనే ఉన్నాడు. కోపం పోలేదు. పోవాలని అతనికీ లేదు.

"మళ్ళీ కొంటావా సారూ?" అంది భీమక్క.

"కొంటా."

"కొంటే మీ ఇంట్లోనే పెట్టుకో. చూడాలనిపిస్తే మేమే వస్తాం."

"మా ఇంట్లోనే అక్కా," అన్నాడు. "ముందర గదిలో."